కంకికి పళ్లెందుకు ఊడతాయి?

వానాకాలం సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన దగ్గరో, మాదాపూర్‌లో ఏదో సందు మొగలోనో బొగ్గుల మీద కాలుతున్న మక్క కంకిని తిప్పి తిప్పి చూసినా గింజల వరసల్లో ఎక్కడా సందు కనబడదు. అదే పంటను కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో అపార్టుమెంటు మిద్దె మీద, పిట్టగోడ వెంబడి పేర్చిన కుండీల్లో వేస్తే, మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆకులు నిగనిగలాడతాయి, కంకి లావుగానే కనిపిస్తుంది. తీరా పొరలు ఒలిస్తే లోపల పళ్లూడిన చిగుళ్లు. ఇక్కడో గింజ, అక్కడో గింజ, మధ్యలో ఖాళీ బెండు. విత్తనం మంచిది కాదని ఒకరు, కుండీ మట్టిలో బలం లేదని ఒకరు, యూరియా వేయకపోవడం వల్లేనని ఇంకొకరు అంటారు. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అసలు కారణం మాత్రం వేరే ఉంది. మొక్కజొన్న గుంపులో పండే పంట. టమాటాను, వంకాయను ఒక్క కుండీలో పెంచినట్టు దాన్నీ ఒక్కొక్క మొక్కగా లెక్కపెట్టుకుని పెంచడమే మిద్దె మీద జరుగుతున్న పొరపాటు. పొలంలో రైతు పెంచేది మొక్కలను కాదు, మొక్కల గుంపును. ఆ గుంపును మిద్దె మీదికి తేకుండా మొక్కను మాత్రమే తెస్తే, సగం పంటను కిందే వదిలేసి వచ్చినట్టు.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే గడపలో ఉంటాయి. కాస్త కదిలితే చాలు, పని జరిగిపోతుంది. మొక్కజొన్న అలా కాదు. మగపూత మొక్క నెత్తిన కుచ్చులా వస్తుంది. ఆడపూత నడుము దగ్గర, ఆకు ఒర సందులో, పొరల లోపల దాక్కుని ఉంటుంది. మనం పారేసే పీచు ఉంది చూడండి, ఆ పోగుల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క గింజకు చెందినది. కంకి మీద 600 గింజలకు చోటుంటే 600 పోగులు బయటికి రావాలి, ప్రతి పోగు మీదా కనీసం ఒక పుప్పొడి రేణువు పడాలి, ఆ రేణువు నుంచి సన్నని గొట్టం మొలిచి పోగు పొడవునా లోపలికి పోయి అండాన్ని చేరాలి. ఇందుకు సుమారు ఒక రోజు పడుతుంది. ఏ పోగుకు రేణువు అందదో ఆ గింజ పుట్టనే పుట్టదు. గింజల వరసలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే, పన్నెండో పద్నాలుగో పదహారో ఉండటం గమనించే ఉంటారు. పువ్వులు మొదటి నుంచీ జంటలుగా ఏర్పడటమే దానికి కారణం. వరసలు ఎన్నో మొక్క మోకాలెత్తు దాటే నాటికే దాదాపు తేలిపోతుంది. వరసలో గింజలకు ఎన్ని చోట్లన్నది పీచు రాబోయే ముందు దాకా ఖరారవుతూ ఉంటుంది. బంతిలో ఎన్ని విస్తళ్లు వేయాలన్నది నేల, నీరు, ఎరువు తేలుస్తాయి. ఎన్ని విస్తళ్ల ముందు మనుషులు కూర్చుంటారన్నది తేల్చేది పుప్పొడి.

ఆ పుప్పొడికి కొదవ ఉండదనిపిస్తుంది. ఒక్క కుచ్చు లక్షల్లో రేణువులు రాలుస్తుంది. మధ్యస్థంగా 50 లక్షలు అనుకుని చిన్న లెక్క వేద్దాం. తెలంగాణలో రైతులకు చెప్పే ఎడం సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, సాలులో మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు. అంటే ఎకరానికి 33 వేలకు పైగా మొక్కలు, చదరపు మీటరుకు ఎనిమిదికి పైగా. పొలం మధ్యలో గాలి ఒక మొక్క పుప్పొడిని ఎత్తుకుపోయినా, పక్క సాలు పుప్పొడిని అదే గాలి తెచ్చి పడేస్తుంది. పోయినదీ వచ్చినదీ సమానం. కాబట్టి పూత కాలం మొత్తానికి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నాలుగు వేల పైచిలుకు రేణువులు రాలతాయి. పీచు కుచ్చు ఎంత చిన్నదైనా ఆ వానలో తడవకుండా ఉండలేదు. ఇప్పుడు మిద్దె మీద ఒంటరి మొక్కను తీసుకోండి. గాలి దాదాపు లేని రోజుల్లో దాని 50 లక్షల రేణువులు చుట్టూ పది చదరపు మీటర్లలో పరుచుకున్నాయనుకుంటే చదరపు సెంటీమీటరుకు 50 మాత్రమే. పొలంలో పడేదానిలో ఎనభయ్యో వంతు కూడా లేదు. పది పన్నెండు చదరపు సెంటీమీటర్ల పీచు కుచ్చుకు 500, 600 రేణువులు దక్కుతాయి. పోగులూ దాదాపు అన్నే. అన్నీ సక్రమంగా, ఒక్కో పోగుకు ఒక్కోటి చొప్పున, సరైన వేళకు పడితేనే కంకి నిండుతుంది. రాలే రేణువులకు అంత క్రమశిక్షణ ఉండదు. ఒక పోగు మీద అయిదు పడతాయి, పక్క పోగు మీద ఒక్కటీ పడదు. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, మిద్దె కంకి పూర్తిగా బోడిగా కాక సగం సగం నిండి రావడానికి కారణం ఇందులోనే కనిపిస్తోంది.

మగపూత సరిగ్గా ఆడపూత నెత్తినే ఉంది కదా, నిలువునా కిందికి రాలితే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒకే మొక్క పుప్పొడి ఆ మొక్క పీచు మీద పడితే గింజ కట్టదనే నియమమేమీ మొక్కజొన్నకు లేదు. అడ్డు వచ్చేవి రెండు, గాలి ఒకటి, గడియారం ఒకటి. పుప్పొడి రేణువు పదో వంతు మిల్లీమీటరు దాకా ఉంటుంది. గడ్డిజాతుల్లో ఇది బాగా పెద్దదే. నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 25 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. కుచ్చు నుంచి పీచు దాకా ఒక మీటరు దూరమనుకుంటే ఆ ప్రయాణానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి వీచినా రేణువు ఎనిమిది మీటర్లు పక్కకు జరిగిపోతుంది. ఎనిమిది మీటర్ల అవతల పొలంలోనైతే ఇంకో మొక్క ఉంటుంది, మిద్దె మీదైతే పిట్టగోడ దాటి రోడ్డు ఉంటుంది. నేల నుంచి పైకి పోయే కొద్దీ గాలి జోరు పెరుగుతుందని, నైరుతి కాలంలో హైదరాబాద్ మీద పడమటి గాలి గట్టిగానే ఉంటుందని గుర్తుచేసుకుంటే, పదో అంతస్తు మీది మక్కకు తన పుప్పొడి తనకు దక్కడం ఎంత అరుదో తెలుస్తుంది. ఇక గడియారం సంగతి. ఎక్కువ రకాల్లో మగపూత ముందు విచ్చుకుంటుంది, పీచు ఒకటి నుంచి మూడు రోజులు వెనకబడి వస్తుంది. కుచ్చు వారం రోజుల లోపే ఖాళీ అవుతుంది. పీచు అంతా ఒక్కసారి రాదు. కంకి మొదట్లోని గింజల పోగులు ముందు, కొసలోని గింజల పోగులు ఆఖరున వస్తాయి. కొస పోగులు బయటికి తొంగిచూసే వేళకు సొంత కుచ్చు దులిపేసుకుని కూర్చుంటుంది. పొలంలో ఒక రోజు ఆలస్యంగా పూసిన పక్క మొక్క ఆ లోటు పూడుస్తుంది. పొలంలో పండిన గింజల్లో నూటికి 95కి పైగా వేరే మొక్క పుప్పొడితో పుట్టినవేనని చెప్పడం ఇందుకే. మొక్కజొన్నకు పొరుగు సాయం అత్యవసరం.

రెండో అభ్యంతరం ఎరువు గురించి. ఇది సగం సరైనది కాబట్టి జాగ్రత్తగా చూడాలి. మక్క తిండిపోతు పంటే. రైతు నత్రజనిని విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తున కొంత, పూతకు ముందు కొంత విడగొట్టి వేస్తాడు. కుండీలో ఆ పని మానేస్తే కంకి చిక్కిపోతుంది. కానీ ఆకలితో వచ్చే లోపం ఒక రకంగా ఉంటుంది, పుప్పొడి కరువుతో వచ్చే లోపం ఇంకో రకంగా ఉంటుంది. ఆకలైతే మొదలు నిండుగా ఉండి కొస మాత్రం ఎండుతుంది. అక్కడ తడిమితే నొక్కుకుపోయిన పొట్టు గింజలు తగులుతాయి. అవి పుట్టి, తిండి లేక ఆగిపోయినవి. పుప్పొడి అందకపోతే సందులు కంకి అంతా చెదురుమదురుగా ఉంటాయి, అక్కడ పొట్టు గింజ కూడా ఉండదు, అసలు ఏమీ పుట్టలేదు కనక. ఇంకా ముందే తెలుసుకోవాలంటే తేలికైన పరీక్ష ఉంది. పీచు వచ్చిన కొద్ది రోజులకు ఒక కంకిని కోసి, పొరలను మెల్లగా విప్పి, బోర్లా పట్టుకుని దులపండి. ఫలదీకరణం జరిగిన గింజ తన పోగును వదిలేస్తుంది, అది రాలిపోతుంది. రాలకుండా అంటుకుని ఉన్న పోగులు ఎదురు చూస్తున్నవే. పరిశోధన క్షేత్రాల్లోనూ వాడే పద్ధతి ఇది. నీళ్ల విషయానికొస్తే, పూత సమయంలో కుండీ ఎండితే కుచ్చు ఆగదు, పీచే ఆలస్యమవుతుంది. పోగులు పొడవు పెరగడానికి నీటి బిగువు కావాలి. అంటే నీటి ఎద్దడి కూడా చాలా వరకు ఈ పెళ్లి ముహూర్తాన్ని తప్పించడం ద్వారానే దెబ్బ తీస్తుంది. ఎండ 38 డిగ్రీలు దాటితే పుప్పొడి జీవం కూడా తగ్గుతుంది. ఏప్రిల్ చివర కాంక్రీటు మిద్దె మీద పూతకొచ్చేలా విత్తేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

తేనెటీగలు లేవా అంటే ఉన్నాయి. సైబరాబాద్ గాజు మేడల చూరులకు పెద్ద పెద్ద పట్లు వేలాడుతూనే ఉంటాయి. మక్క కుచ్చు మీద వాలి పుప్పొడి మోసుకుపోవడమూ నిజమే. కానీ పీచులో మకరందం లేదు, దాని మీద వాలే పని ఈగకు లేదు. మొక్కజొన్న దృష్టిలో అది వచ్చి వసూలు చేసుకుపోయే చుట్టమే గాని సాయం చేసే చుట్టం కాదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం విత్తనోత్పత్తి తెలిసినవారి నుంచి వస్తుంది. అంకాపూర్ లాంటి విత్తన గ్రామాల పేరు విన్నవారికి సంకర విత్తనం ఎలా తయారవుతుందో కొంత తెలిసే ఉంటుంది. ఆడ సాళ్లు, మగ సాళ్లు వేరుగా వేసి, ఆడ సాళ్లలో కుచ్చు విచ్చుకోక ముందే చేత్తో పీకేస్తారు. ఆ పొలానికీ ఇంకో మక్క పొలానికీ మధ్య 200 మీటర్ల దూరం ఉండాలని విత్తన ధ్రువీకరణ ప్రమాణం. పుప్పొడి 200 మీటర్లు పోగలిగితే, ఎదురు అపార్టుమెంటు మిద్దె మీది మక్క మన మక్కకు చాలదా? చాలదు. విత్తన రైతు భయం వెయ్యి గింజల్లో ఒకటో రెండో కల్తీ అవుతాయని. ఆ ఒకటి రెండు గింజలకు సరిపడే పుప్పొడి దూరం నుంచి రావచ్చు. మిగతా 998 గింజలకు కావలసిన పుప్పొడి మాత్రం పక్కనే పుట్టాలి. కుచ్చు వదిలిన దానిలో చాలా భాగం పది ఇరవై మీటర్ల లోపే నేల పట్టేస్తుంది, మిగిలిన కొద్దిపాటిదే దూర ప్రయాణం చేస్తుంది. అంటే కలుషితం చేయడానికి చాలినది, నింపడానికి చాలదు. స్వీట్‌కార్న్ పెంచేవారికి ఈ తేడా ఇంకోలా ఎదురవుతుంది. తీపి మక్కలో చక్కెర పిండిపదార్థంగా మారే దారి ఒక జన్యువు దగ్గర ఆగి ఉంటుంది. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ రకాలు ఈ కోవవే. పక్కన మామూలు మక్క పూసి ఉండి దాని రేణువు తీపి మక్క పీచు మీద పడితే, ఆ గింజ ఆ సీజన్‌లోనే, ఆ కంకి మీదే, పిండిగింజగా మారిపోతుంది. మామిడికాయకు తండ్రి ఎవరైనా రుచి మారదు, మక్క గింజకు మారుతుంది. మనం తినేది గింజనే, అందులో తండ్రి వాటా ఉంది కాబట్టి.

గుంపు కావాలంటున్నారు సరే, గుంపులో తిండికి పోటీ ఉండదా అన్నది తర్వాతి ప్రశ్న. ఉంటుంది. ఒత్తుగా వేస్తే నీడ పడుతుంది, నీడలో మొక్క సన్నగా సాగుతుంది, కొన్నింటికి కంకే రాదు. మక్క పరిశోధన చరిత్రంతా ఈ ముడిని విప్పే ప్రయత్నమే అంటే అతిశయోక్తి కాదు. 1957లో దేశవ్యాప్త సమన్వయ మొక్కజొన్న పథకం మొదలైంది. 1961లో విడుదలైన తొలి సంకరాల్లో ఒకదాని పేరే డెక్కన్. ఆ పరంపరే ఈనాటి డీహెచ్‌ఎం-117 దాకా వచ్చింది. అందులో మొదటి మూడు అక్షరాలు డెక్కన్ హైబ్రిడ్ మక్కా అన్న పేరులోనివి. హైటెక్ సిటీ నుంచి ఒక దిక్కున రాజేంద్రనగర్‌లో మొక్కజొన్న పరిశోధన కేంద్రం, ఇంకో దిక్కున పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణ ఉన్నాయి. ఇక్రిశాట్ సొంత పంటల జాబితాలో మొక్కజొన్న లేదు, అయినా మెక్సికో కేంద్రంగా పనిచేసే పరిశోధన సంస్థ సిమ్మిట్ తన ఆసియా మొక్కజొన్న పనిని నడిపేది ఆ ఆవరణ నుంచే. ఐటీ ఉద్యోగి రోజూ తిరిగే దారులకు ఇంత దగ్గరలో ఇంత మక్క విజ్ఞానం ఉండటం కాస్త వింతే. ఇక అమెరికాలో 1930ల నుంచి నేటి దాకా సంకరాలను పక్కపక్కన పెంచి చూసిన పరీక్షలు చెప్పే మాట ఆసక్తికరమైనది. ఎడం బాగా ఇచ్చి ఒక్కొక్క మొక్కగా పెంచితే పాత సంకరానికీ కొత్త సంకరానికీ కంకి దిగుబడిలో తేడా పెద్దగా లేదు. తేడా అంతా ఒత్తుగా వేసినప్పుడే. హెక్టారుకు 30 వేల మొక్కలు ఉండే చోట ఇప్పుడు 80 వేలు నిలబడి, ప్రతిదీ కంకి వేస్తోంది. అంటే ఎనభై ఏళ్లకు పైగా ప్రజననం మక్కకు నేర్పిన విద్య గొప్పగా కాయడం కాదు, ఇరుకులో సర్దుకోవడం. ఆకులు నిటారుగా మారాయి, కుచ్చుకూ పీచుకూ మధ్య రోజుల ఎడం తగ్గింది, కుచ్చు చిన్నదైంది. గుంపులో పుప్పొడి ఎలాగూ మిగులే కాబట్టి కుచ్చు మీద పెట్టే ఖర్చును కంకికి మళ్లించారు. పొలానికి ఇది లాభం. పెద్ద కుచ్చు అవసరమైన ఒంటరి కుండీకి మాత్రం ఇది కొంత నష్టమే అయి ఉండాలని నా తర్కం. బజారులో దొరికే ఆధునిక విత్తనం పొట్లంలో ఉన్నది గుంపు కోసమే తయారైన మొక్క.

అసలు ఈ మొక్క మనుషుల చేతిలోకి వచ్చినప్పుడు ఇలా లేదు. సుమారు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలో బల్సాస్ నదీ లోయలో జనం మచ్చిక చేసుకున్న టియోసింటె అనే గడ్డికి చాలా కొమ్మలు, ప్రతి కొమ్మకూ చిన్న చిన్న వెన్నులు, ఒక్కో వెన్నులో పదీ పన్నెండు గట్టి గింజలు. కొమ్మలను అణచే ఒక జన్యువు మార్పుతో, తరాల తరబడి ఏరివేతతో అది ఒంటి కాడ మొక్క అయింది. ఒక కాడ, ఒక కుచ్చు, ఒకటి రెండు కంకులు. కొమ్మలున్న గడ్డికి ఒక మొక్కే చిన్న గుంపు. రోజుల తేడాతో పూసే పదుల పువ్వుల్లో ఒకటి తప్పినా ఇంకొకటి అందుకుంటుంది. ఒంటి కాడ మొక్కకు ఆ భరోసా పోయింది. పొరల్లో చుట్టుకున్న కంకి తన గింజలను తానే వెదజల్లుకోలేదు కూడా. విత్తడానికి మనిషి, పుప్పొడి ఇవ్వడానికి పక్క సాలు ఉంటేనే మక్క.

మరి మిద్దె మీద ఏం చేయాలి? మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్లకు బాగా దగ్గర చేసినవారిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. ఆ ఉద్యమం వచ్చాక నగరంలో ఆకుకూరలు, తీగజాతులు బాగా కుదిరాయి. మక్కకు మాత్రం కుండీల సంఖ్య కంటే వాటి అమరిక ముఖ్యం. పదహారు కుండీలున్నాయనుకోండి. పిట్టగోడ వెంబడి ఒకే వరసలో పెడితే, గాలి వరస పొడవునా వీచిన రోజు పదిహేను మొక్కలకు గాలివాటున ఎగువన ఒక పొరుగు ఉంటుంది. అదే గాలి అడ్డంగా వీస్తే ఒక్క మొక్కకూ ఉండదు. నాలుగు వరసలు, నాలుగు కుండీల చొప్పున చదరంగా పెడితే గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా కనీసం పన్నెండు మొక్కలకు ఎగువన పొరుగు దొరుకుతుంది. వరస అంటే జూదం, చదరం అంటే బీమా. పదహారింటినీ ఒకే రోజు విత్తాలి. వారం వారం నాలుగు చొప్పున విత్తితే కంకులు విడతలుగా అందుతాయనేది టమాటాకు పనికొచ్చే తెలివి, మక్కకు గుంపును నాలుగు ముక్కలు చేసినట్టు. అప్పటికీ పదహారు మొక్కలు పొలం కాదు కాబట్టి చేతి సాయం తప్పదు. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య, మంచు ఆరాక, కుచ్చును కాగితం సంచిలో వంచి దులిపి, ఆ పసుపు పొడిని అప్పటికప్పుడే పక్క మొక్కల పీచు మీద చల్లాలి. రేణువు ఎండలో గంట రెండు గంటలకు మించి బతకదు. నాలుగైదు రోజులు వరసగా చేస్తేనే కొస పోగులకు కూడా అందుతుంది. ఇలా చేతితో చేస్తే ఒకటి రెండు మొక్కలకు కూడా కంకి నిండుతుంది కదా, గుంపు వాదం ఏమైనట్టని కొందరు అంటారు. ఆ వాదానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంది? మట్టి మారలేదు, ఎరువు మారలేదు, విత్తనం మారలేదు, పొరుగు చేయాల్సిన పని మనిషి చేశాడు, కంకి నిండింది. మొవ్వులో చేరే కత్తెర పురుగు సంగతి వేరు. 2018లో కర్ణాటకలో మొదట బయటపడి ఏడాది తిరగకముందే మన పొలాల్లోకి వచ్చిన ఆ పురుగుకు మిద్దె ఎత్తు అడ్డం కాదు. కానీ పదహారు మొక్కల సుడులను రోజూ వేలితో వెదకడం కష్టమేమీ కాదు.

చివరిగా ఇంజనీర్లు అడిగే ప్రశ్న ఒకటుంది, ఈ ఐటీ కారిడార్‌లో వారికి లోటు లేదు. కుండీలను పిట్టగోడ వెంబడి పెట్టేది అందానికి కాదు, కింద దూలం ఉంటుందని, బరువు మోస్తుందని. స్లాబు మధ్యలో చదరంగా పేర్చమంటే కప్పు ఏమవుతుంది? జనం తిరిగే పైకప్పుకు మన నిర్మాణ ప్రమాణం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇరవై లీటర్ల కుండీని కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపిన తేలిక మట్టితో నింపి తడిపితే పాతిక కిలోల దరిదాపుల్లో ఉంటుంది. పదహారు కుండీలు అరమీటరు ఎడంతో నాలుగు చదరపు మీటర్లలో పెడితే మొత్తం 400 కిలోలు, చదరపు మీటరుకు వంద. ఉత్త ఎర్రమట్టి నింపితే కుండీ 35 కిలోలకు చేరుతుంది, చదరపు మీటరుకు 140. హద్దు అక్కడే ఉంది, నీళ్లు పోసే మనిషి బరువు ఇంకా కలపనే లేదు. అందుకే తేలిక మట్టితో, రెండు దూలాలు కలిసే మూలలో ఆ చదరాన్ని పెట్టుకోవడం మేలు. పాత భవనమైతే కట్టినవారిని అడగకుండా ఆ పదహారో కుండీ ఎత్తకపోవడం ఇంకా మేలు.